ఋతుక్రమం తప్పిన ఆడపిల్లకు పెళ్ళి మందు కాదు

ఆడపిల్లకు మూడు నెలలుగా బహిష్టు రాలేదు. పట్నం తీసుకుపోయి స్కానింగు చేయించారు. అండాశయాలలో నీటిబుడగలున్నవని కాగితం చేతికిచ్చారు. ఆనాటి నుండి ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు లేదు. "పెళ్ళి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి" అంటుంది నాయనమ్మ. "నలుగురికీ తెలిస్తే సంబంధాలు తప్పిపోతాయి, గుట్టుగా ఉంచండి" అంటుంది మేనత్త. తండ్రి ఎక్కడో ఒక ప్రకటన చూచి, మూడు నెలలలో బుడగలు మాయమయ్యే చూర్ణమంటూ డబ్బా తెప్పిస్తాడు. కల్వకుర్తి ప్రాంతంలో వైద్యం చేస్తూ నేను తరచుగా వినే కథ ఇది. ఈ మూడు సలహాలలో చికిత్స అనదగినది ఒక్కటీ లేదు. వీటివలన జరిగే కాలహరణమే ఆ పిల్లకు అసలైన హాని. ఈ విషయమై ఒక ఆయుర్వేద వైద్యునిగా నా అభిప్రాయాన్ని గృహస్థులైన పాఠకుల ముందుంచడం కర్తవ్యంగా భావిస్తున్నాను.

పేరు తెచ్చిన చిక్కు

ఈ రుగ్మతను పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అంటారు. జనవ్యవహారంలో అది పి.సి.ఓ.ఎస్. లేదా పి.సి.ఓ.డి. అమెరికాలోని చికాగో నగరంలో స్టైన్, లెవెంతాల్ అనే ఇద్దరు వైద్యులు 1935లో ఏడుగురు స్త్రీల విషయాన్ని ప్రకటించారు. ఋతుస్రావం లేకపోవడం, అండాశయాలు పెద్దవై అనేక కోశాలతో నిండి ఉండడం వారిలో కనబడిన లక్షణాలు. అండాశయాలలో కొంతభాగం కోసి తీసివేయగా ఏడుగురికీ ఋతుస్రావం తిరిగి వచ్చింది. ఇద్దరు గర్భవతులయ్యారు. ఆనాటి నుండి ఇది అండాశయపు జబ్బుగానే లోకంలో స్థిరపడిపోయింది.

నిజానికి స్కానింగులో కనబడేవి రోగగ్రస్తమైన తిత్తులు కావు, గడ్డలు అంతకన్నా కావు. ప్రతి నెలా కొన్ని అండకోశాలు ఎదగడం మొదలుపెట్టగా, వాటిలో ఒకటి పక్వమై అండాన్ని విడుదల చేయడం ప్రకృతి ధర్మం. ఈ రుగ్మతలో ఆ కోశాలు సగం ఎదిగి నిలిచిపోతాయి. పండక ముందే చెట్టున ఆగిపోయిన కాయల వంటివి అవి. కాయ ఎందుకు పండలేదని నేలను, నీటిని, ఎరువును పరీక్షించవలసిన రైతు కాయలను లెక్కపెడుతూ కూర్చుంటే ప్రయోజనమేమున్నది?

వ్యాధి నిర్ణయానికి 2003లో రోటర్‌డామ్ నగరంలో కుదిరిన నియమం నేటికీ ఆధారంగా ఉన్నది. ఋతుక్రమం తప్పడం, పురుష హార్మోనుల ఆధిక్యం, స్కానింగులో అనేక కోశాలు కనబడడం, ఈ మూడింటిలో రెండు ఉండవలెను. కేవలం బుడగలు కనబడినంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు. ఇంకొక ముఖ్య విషయం. రజస్వల అయిన తరువాత 8 ఏళ్ళ వరకు స్కానింగును ఆధారం చేసుకొని ఈ వ్యాధిని నిర్ణయించరాదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నవి. ఆ వయసులో ఆరోగ్యవంతులైన పిల్లలకు కూడా కోశాలు ఎక్కువగా కనబడడం సహజం. ఇంటర్మీడియట్ చదివే పిల్లకు ఒక్క స్కానింగు కాగితం చూచి రోగిష్టి అని ముద్ర వేసే వారు ఈ మాట గమనించవలెను.

మేదస్సు ఊరక కూర్చున్న కొవ్వు కాదు

కొవ్వు అనగానే మనం వెన్నముద్దను ఊహించుకుంటాము. మేదోధాతువు శరీరంలో నిత్యం పనిచేసే ఒక అవయవం వంటిది. అది స్వయంగా హార్మోనులను పుట్టిస్తుంది. 1994లో లెప్టిన్ అనే హార్మోను కొవ్వు కణాలనుండి పుడుతున్నదని కనుగొన్న తరువాత వైద్యలోకం దృష్టే మారిపోయింది. తొడలు, పిరుదుల వద్ద చర్మం క్రింద చేరే కొవ్వు అంత ప్రమాదకారి కాదు. ఉదరంలో, పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు మాత్రం ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది.

ఇన్సులిన్ అనగా రక్తంలోని చక్కెరను కండరాలలోనికి, ఇతర కణాలలోనికి చేర్చే హార్మోను. కణాలు దాని మాట సరిగా విననప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్‌ను పుట్టిస్తుంది. రక్తంలో చక్కెర చాలాకాలం మామూలుగానే ఉంటుంది గనుక ఇంటివారికి ఏమీ తెలియదు. కాని ఆ అధిక ఇన్సులిన్ రెండు పనులు చేస్తుంది. అండాశయాన్ని ప్రేరేపించి పురుష హార్మోనులను ఎక్కువగా పుట్టిస్తుంది. కాలేయంలో తయారై, ఆ హార్మోనులను పట్టి ఉంచే ప్రొటీనును తగ్గిస్తుంది. కట్టుత్రాళ్ళు తెంచుకున్న కోడెల వలె ఆ హార్మోనులు రక్తంలో స్వేచ్ఛగా తిరుగుతాయి. గడ్డం మీద రోమాలు, మొటిమలు, నడినెత్తిన జుట్టు పలుచబడడం వాటి ఫలితం. అండకోశాలు పక్వం కాక నిలిచిపోవడమూ వాటి ఫలితమే.

వృత్తం ఇక్కడితో ముగియదు. పురుష హార్మోనులు అధికమైన స్త్రీకి కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. ఆ పొట్ట కొవ్వు ఇన్సులిన్ పనిని మరింత చెడగొడుతుంది. అదే కొవ్వులో మరికొన్ని పురుష హార్మోనులు తయారవుతాయి. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్లు ఒకదానినొకటి పెంచుకుంటూ పోతాయి. ఈ వృత్తాన్ని ఎక్కడ త్రెంచగలమో అక్కడ త్రెంచడమే చికిత్స.

ఒక బాహ్య లక్షణాన్ని తల్లులు గుర్తించవలెను. మెడ వెనుక, చంకలలో చర్మం నల్లబడి, మందంగా, మఖమలు గుడ్డ వలె కనబడుతుంది. దానిని మురికి అనుకొని సున్నిపిండితో, నిమ్మచెక్కతో తోలు ఊడేటట్లు రుద్దుతారు. పిల్లను "శుభ్రంగా స్నానం చేయవు" అని కసరుతారు. అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైనదని చర్మం చెబుతున్న వార్త.

సన్నగా ఉన్న పిల్లలకు ఈ రుగ్మత రాదనుకోవడమూ పొరపాటే. మన దేశీయులలో ఒళ్ళు సన్నగా కనబడుతూ లోపల కొవ్వు ఎక్కువగా ఉండడం పరిశోధకులు గుర్తించిన విషయం. అందువలన బరువు తూచడంతో పాటు నడుము కొలవవలెను. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు నడుమ, ఊపిరి వదలిన తరువాత టేపు పెట్టి చూడండి. మన స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అనగా సుమారు 31½ అంగుళాలు దాటితే హెచ్చరికగా భావించవలెను.

శాస్త్రం ఏమి చెప్పినది

పి.సి.ఓ.ఎస్. అనే పేరుతో ఒక వ్యాధి మన సంహితలలో లేదు. అన్నీ మన ఋషులు ముందే చెప్పారని గొప్పలు చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. అయితే లక్షణాలను వారు గమనించిన తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. కాశ్యప సంహిత రేవతీకల్పంలో పుష్పఘ్ని అని ఒక వర్ణన కలదు. బుగ్గలు స్థూలంగా, రోమయుక్తంగా ఉండి, పుష్పం కనబడినా అది నిష్ఫలమయ్యే స్త్రీని అక్కడ చెప్పారు. నేపాళ రాజగురువు హేమరాజశర్మ గారి పరిష్కరణలో ఆ గ్రంథం 1938లో అచ్చయింది. చికాగో వైద్యుల వ్యాసం వెలువడి అప్పటికి మూడేళ్ళే అయింది.

అంతకంటే ఉపకరించేది చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం. గురుకులంలో మేము దానిని వల్లెవేస్తున్నప్పుడు పిల్లలకు నవ్వు తెప్పించే అధ్యాయమది, లావువారి గురించి గనుక. వైద్యానికి కూర్చున్న తరువాత దాని బరువు తెలుస్తుంది. అతిభోజనం, గురు మధుర స్నిగ్ధ పదార్థాలు, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర, వీటితో పాటు బీజస్వభావాన్ని కూడా చరకుడు స్థౌల్యానికి కారణంగా చెప్పాడు. బీజస్వభావమనగా తల్లిదండ్రులనుండి వచ్చినది. లావుగా ఉన్న పిల్లను తిండిపోతు అని నిందించే పెద్దలు ఈ ఒక్క పదం చదివితే చాలును.

మేదస్సు మార్గాలను ఆవరించడం వలన వాయువు కోష్ఠంలోనే తిరుగుతూ జఠరాగ్నిని రగుల్చుతుందనీ, అందువలన తిన్నది త్వరగా జీర్ణమై మళ్ళీ ఆకలి వేస్తుందనీ, తక్కిన ధాతువులకు పోషణ అందక మేదస్సు ఒక్కటే పెరుగుతుందనీ ఆయన వివరించాడు. తిన్న గంటకే "ఆకలి" అనే పిల్లను చూచి విసుగుకొనే తల్లులకు సమాధానం ఇక్కడ ఉన్నది. ఆ ఆకలి దొంగ ఆకలి కాదు, వ్యాధిలో భాగం. అందుకే చరకుడు ఇటువంటి వారికి పస్తులు విధించలేదు. గురువై, అనగా కడుపులో నిలిచేదై, అధిక పోషణ ఇవ్వనిదైన ఆహారం పెట్టమన్నాడు. పీచు ఎక్కువగా ఉండి మెల్లగా జీర్ణమయ్యే ధాన్యాలు, పప్పులు తినమని నేటి పోషకాహార శాస్త్రం చెప్పే మాట దీనికి దగ్గరగానే ఉన్నది.

మా మిట్టభూముల కంచం

ఆ అధ్యాయంలో చరకుడు స్థూలులకు చెప్పిన ధాన్యాల పట్టిక చదివితే మా పాలమూరు చెలకలు కళ్ళముందు కదలాడతాయి. ప్రియంగువు అనగా కొర్రలు, కోద్రవమనగా అరికెలు, శ్యామాకమనగా చామలు, కులత్థమనగా ఉలవలు, ముద్గమనగా పెసలు, ఆఢకి అనగా కంది. వీటికి జొన్నను కలిపితే పూర్వం ఈ ప్రాంతపు మెట్ట సేద్యం దాదాపు పూర్తి అయినట్లే. జొన్నరొట్టె, గటక, అంబలి, పుంటికూర పప్పు, ఉలవచారు తిని, విసుర్రాయి త్రిప్పి, చేలో కలుపు తీసిన స్త్రీల శరీరాలవి.

ఆ రోజులు స్వర్ణయుగమని నేననడం లేదు. కరవులుండేవి. పస్తులుండేవి. పిల్లలు చేతికందకుండా పోయేవారు. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగించింది. కృష్ణాజలాలు కల్వకుర్తి ఎత్తిపోతల పథకం ద్వారా మా మిట్టలకు ఎక్కిన తరువాత వరి పొలాలు చూచి సంతోషించని రైతు లేడు. అన్నం మంచిదే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే కంచంలో అన్నం పెరిగినప్పుడు పప్పు, కూర, మజ్జిగ పెరగలేదు. ఒంటికి పని తగ్గింది. టీలో చక్కెర, సాయంకాలపు బజ్జీలు, బిస్కట్లు, తీపి పానీయాలు వచ్చి చేరాయి. ధాన్యాలు మన కంచంలో 50 నుండి 70 శాతం శక్తిని ఇస్తున్నవనీ, అది 45 శాతానికి మించకుండుట మేలనీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలలో చెప్పింది.

ఈ వ్యాధి పట్నవాసులది మాత్రమే అనుకునే రోజులు పోయాయి. అనంతపురంలో ఒక ఆశ్రమ కళాశాలలో 15 నుండి 18 ఏళ్ళ బాలికలు 460 మందిని పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనంలో వందకు సుమారు 9 మందికి ఈ రుగ్మత కనబడింది. దేశవ్యాప్తంగా 18 నుండి 40 ఏళ్ళ స్త్రీలపై జరిగి 2024లో వెలువడిన అధ్యయనంలో, రోటర్‌డామ్ నియమం ప్రకారం వందకు దాదాపు 20 మందికి, మరింత కఠినమైన పాత నియమం ప్రకారం వందకు 7 మందికి ఉన్నట్లు తేలింది. ఏ లెక్క తీసుకున్నా ప్రతి వీధిలోనూ ఈ పిల్ల ఉన్నది.

మూడు తప్పుదారులు

మొదటిది పెళ్ళి. వివాహం వలన ఇన్సులిన్ పని మెరుగుపడదు, పొట్ట కొవ్వు కరగదు. చదువు మధ్యలో మాన్పించి అత్తవారింటికి పంపితే, ఏడాది తిరగకముందే "విశేషమేమైనా ఉన్నదా" అనే ప్రశ్న ఆమెను వెంటాడుతుంది. అప్పటికి వ్యాధికి తోడు అవమానం కూడా చేరుతుంది. సంతానం కలుగదనే భయమూ అతిగా ఉన్నది. ఈ రుగ్మత గల స్త్రీలలో అధికులు స్వయంగా గాని, కొద్దిపాటి వైద్య సహాయంతో గాని తల్లులవుతారు. అయితే గర్భిణీ దశలో మధుమేహం వచ్చే అవకాశం వీరికి ఎక్కువ గనుక ఆ పరీక్ష తప్పక చేయించవలెను.

రెండవది రహస్యం. గుట్టుగా ఉంచిన ఇంట్లో పిల్లకు వేరే కంచం పెడతారు, తక్కిన వారు యథాప్రకారం తింటారు. అన్న ముందు పూరీలు, చెల్లి ముందు ఉడకబెట్టిన కాయలు. నాలుగు రోజులలో ఆ పథ్యం అటకెక్కుతుంది. తండ్రికి మధుమేహం, తల్లికి రక్తపోటు ఉన్న ఇండ్లలోనే తరచుగా ఈ పిల్లను చూస్తున్నాను. అదే బీజం, అదే వంటిల్లు. ఆమెకు పెట్టే పథ్యం ఇంటి అందరికీ అవసరమైనదే.

మూడవది ప్రకటనల మందు. ఇది మా వృత్తివారు చెప్పవలసిన మాట గనుక స్పష్టంగా చెబుతాను. ఋతు సంబంధ వ్యాధులను, స్థూలకాయాన్ని, వంధ్యత్వాన్ని నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడాన్ని నిషేధిస్తూ 1954లోనే చట్టం వచ్చింది. అయినా ఆయుర్వేదమనే పేరు తగిలించి డబ్బాలు అమ్ముతున్నారు. కాంచనార గుగ్గులు, కుమారీ ఆసవం, రజఃప్రవర్తినీ వటి వంటి యోగాలు నాడి, బలం, అగ్ని చూచి వైద్యుడు ఇవ్వదగినవి. గర్భం లేదని నిర్ధారించుకొనక రజఃప్రవర్తకాలు ఇవ్వడం మహాపరాధం. నడుము కొలవకుండా, చక్కెర పరీక్ష అడగకుండా గర్భాశయపు మందు వ్రాసే వైద్యుడు ఏ విధానానికి చెందినవాడైనా వ్యాధిని చూడనట్లే.

అల్లోపతి మందును ద్వేషించడం కూడా తగదు. ఈ వ్యాధిలో వాడే మెట్‌ఫార్మిన్ పూర్వచరిత్ర యూరపు గ్రామీణులు వాడిన ఒక పప్పుజాతి మొక్క వద్ద మొదలవుతుంది. అవసరమైన వారికి అవసరమైన కాలం ఆ మందులు వాడవలసిందే. మా మందులతో పాటు అవి వాడుతున్నట్లయితే ఇద్దరు వైద్యులకూ ఆ సంగతి తెలియవలెను.

ఇంట చేయదగినవి

ఆహారం: అన్నం పూర్తిగా మానవద్దు. ఒక పూట జొన్నరొట్టె గాని, కొర్ర లేదా అరికె అన్నం గాని తీసుకోవలెను. అది కూడా కొలత మీదనే, చిరుధాన్యమని గంపెడు తినరాదు. కంచంలో సగం కూరలుండవలెను. బీర, కాకర, చిక్కుడు, తోటకూర, మునగాకు ఏవైనా సరే. ప్రతి పూటా పప్పు, ఉలవలు, పెసలు, మజ్జిగ, తినేవారైతే గుడ్డు లేదా చేప ఉండవలెను. తీపి పానీయాలను ఇంటి గడప దాటి లోనికి రానీయవద్దు. ఉదయం ఏమీ తినక మధ్యాహ్నం మితిమీరి తినే అలవాటు మానిపించండి.

వ్యాయామం: చక్కెరను ఎక్కువగా పీల్చుకొనేవి కండరాలు. పదిహేడేళ్ళ వరకు పిల్లలకు రోజుకు ఒక గంట ఆట, పరుగు, సైకిలు ఏదైనా కావలెను. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు బరువుతో కూడిన శ్రమ అవసరం. అనంతపురంలోనే 90 మంది బాలికలకు 12 వారాలు, ఒక వర్గానికి యోగాభ్యాసం, మరొక వర్గానికి మామూలు వ్యాయామం చేయించి చూచారు. యోగవర్గంలో పురుష హార్మోను, ఇన్సులిన్ స్థితి ఎక్కువగా మెరుగుపడినవి. బరువులో మాత్రం రెండు వర్గాలకూ చెప్పుకోదగిన తేడా లేదు. కాటా ముల్లు కదలలేదని నిరాశపడే పిల్లలకు ఈ ఫలితం ధైర్యం చెప్పవలెను. బరువు ఎక్కువగా ఉన్నవారు నూటికి 5 నుండి 10 వంతులు తగ్గినా ఋతుక్రమం సర్దుకొనే అవకాశం ఉన్నది. 70 కిలోల పిల్లకు అది మూడున్నర నుండి ఏడు కిలోలు.

నిద్ర: రాత్రి ఒంటిగంట వరకు సెల్‌ఫోను, పగలు నిద్ర, ఈ రెండూ మేదస్సుకు పుష్టినిస్తాయి. పది గంటలకు దీపం ఆర్పివేయండి.

గృహౌషధాలు: రాత్రి నానవేసిన చెంచాడు మెంతులు, త్రిఫల, ఉసిరిక మేలు చేస్తాయి. ఇవి సహాయకులు మాత్రమే. మధుమేహపు మాత్రలు వాడుతున్నవారు వైద్యునికి చెప్పి మెంతులు తీసుకోవలెను.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు

రజస్వల అయిన మొదటి ఏడాది క్రమం తప్పడం సహజం. మూడేళ్ళు దాటిన తరువాత 35 రోజులకు మించి గాని, 21 రోజులకు లోపు గాని వస్తున్నా, ఏడాదికి ఎనిమిది సార్లకంటే తక్కువగా వస్తున్నా వైద్యుని సంప్రదించవలెను. 15 ఏళ్ళు నిండినా రజస్వల కాకుంటే చూపించవలెను. 90 రోజులు గడిచినా రాకపోతే ఉపేక్షించరాదు. అండం విడుదల కానప్పుడు గర్భాశయపు లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ళ తరబడి అట్లే వదిలివేస్తే ముందుముందు క్యాన్సరుకు దారితీసే అవకాశం ఉన్నది. గొంతు బొంగురుపోవడం, రోమాలు కొద్ది నెలలలోనే వేగంగా పెరగడం కనబడితే వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళవలెను. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేయించి తక్కిన వ్యాధులు లేవని తెలుసుకోవలెను. వ్యాధి నిర్ధారణ అయినవారు 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి చేసే చక్కెర పరీక్షను ఒకటి నుండి మూడేళ్ళకొకసారి చేయించుకోవలెను. రక్తపోటు, కొలెస్టరాలు కూడా చూపించుకోవలెను.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఈ రుగ్మత మీ అమ్మాయి వివాహానికి వచ్చిన ఆటంకమని తలచకండి. నలభై ఏళ్ళకు రాబోయే మధుమేహాన్ని పదిహేడేళ్ళకే తెలిపిన హెచ్చరిక ఇది. వినగలిగితే ఇంటికంతటికీ మేలు. ఈ ఆదివారం ఇంట్లో టేపు తీసి అందరి నడుములూ కొలవండి, తండ్రిది మొదట. సోమవారం నుండి ఇంటిల్లిపాదీ ఒకే కంచపు పథ్యం ఆరంభించండి. పిల్లను చదువుకోనివ్వండి, ఆడుకోనివ్వండి. పెళ్ళి దాని కాలంలో అది అవుతుంది.